నీలాకాశం, మంచి ఎండ, అయినా గైడ్ వెనక్కి తిప్పాడు. ఇదేం న్యాయం?

కోయిల్‌కొండ_కుర్రోడు
ఆరుగురం దోస్తులం, అందరం మహబూబ్‌నగర్, జడ్చర్ల వాళ్ళమే. పోయిన నెల ఉత్తరకాశి జిల్లా సాంక్రి నుంచి మంచు ట్రెక్‌కు వెళ్ళాం. కేదార్‌కంఠ ఈమధ్య జాతరలా ఉంటోందని విని, ఆ పక్కనే తక్కువ మంది వెళ్ళే రూట్ తీసుకున్నాం. రైలు, జీపు, అద్దె బూట్లు అన్నీ కలిపి మనిషికి 27 వేలు దాటింది. మూడో రోజు రాత్రంతా మంచు కురిసింది. టెంట్ కుంగిపోకుండా లోపలి నుంచి చేత్తో గుద్ది గుద్ది దులుపుతూనే ఉన్నాం, నిద్ర లేదు. తెల్లారి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. అంత నీలం నేను మన దగ్గర ఎప్పుడూ చూడలేదు. హుషారుగా బయలుదేరాం. కనుమ కళ్ళ ముందే కనిపిస్తోంది, మహా అయితే గంట నడక. అక్కడ గైడ్ ఆగి, కర్రతో మంచులో నాలుగు చోట్ల పొడిచి, "వాపస్" అన్నాడు. అంతే. ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లాడికి. బతిమిలాడాం, తర్వాత గట్టిగానే గొడవ పడ్డాం. కదల్లేదు. ట్రెక్ కంపెనీ వాళ్ళు డబ్బులు తిరిగి ఇవ్వరట, వాతావరణం మా చేతుల్లో లేదంటున్నారు. వాతావరణం బ్రహ్మాండంగా ఉంటే వెనక్కి తిప్పింది మీ మనిషే కదా! మంచు పడేటప్పుడు ప్రమాదం అంటే అర్థం చేసుకుంటా. ఆగిపోయి ఎండ వచ్చాక కూడా ఏమవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి. ఫోటోలు పెట్టాను.

హుజూర్‌నగర్_హుషారు
ఏమీ కాదు తమ్మీ, తొందరగా కిందికి దిగితే వాళ్ళకు ఒక పూట కూలి మిగులుతుంది. నాకూ ఇలాగే అయింది రెండేళ్ళ కింద. మమ్మల్ని పొగమంచు అని ఆపేశారు, పక్క కంపెనీ బ్యాచ్ మాత్రం మా ముందే ఎక్కి ఫోటోలు దిగి వచ్చింది. వినియోగదారుల ఫోరంలో కేసు వెయ్యి.

మిల్లు_మిర్యాల
27 వేలా! రాచకొండ గుట్టకు బండి పెట్రోలుతో అయిపోయేది.

నల్లమల_నడక
రాచకొండల మంచు ఎక్కడ ఉంటదన్నా.

మిల్లు_మిర్యాల
సంక్రాంతి ముందు పొద్దున్నే విజయవాడ హైవే మీద ఉంటది చూడు, మన నల్లగొండోళ్ళకు మంచు అంటే అదే.

డెన్వర్ల_దేవరకొండోడు
కుర్రోడు తమ్మీ, సూటిగా చెప్తున్నా, ఏమనుకోకు. మంచు కురిసి ఆగిన మొదటి ఎండ రోజే అన్నింటికంటే మోసపు రోజు. నేను ఏడేళ్ళుగా కొలరాడోలో ఉంటున్నా. అమెరికాలో మంచు చరియల కింద ఎక్కువ మంది చనిపోయే రాష్ట్రం ఇదే. తుఫాను రోజు ఎవరూ బయటకు రారు. తెల్లారి నీలాకాశం కనబడగానే అందరూ స్కీలు తగిలించుకుని ఉరుకుతారు. ఆకాశానికి కింద ఉన్న మంచుతో సంబంధం లేదు. పైన పడ్డ కొత్త బరువును కింద ఉన్న పాత పొర మోయగలదా లేదా, ప్రశ్న ఇదొక్కటే. ఆ పొరకు కొంచెం టైం ఇవ్వాలి. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి వారాలు.

మిల్లు_మిర్యాల
ఇది నాకు అర్థమైతది. మా మిల్లులో వడ్ల రాశి చూస్తా రోజూ. ఒక వాలు దాకా నిలబడతది, పైన ఇంకో బస్తా పోస్తే జర్రున జారుతది.

డెన్వర్ల_దేవరకొండోడు
మిల్లన్నా, పొడి మంచు అచ్చం అలాగే జారుతుంది. ఒక చోట మొదలై కిందికి వెళ్ళేకొద్దీ విసనకర్రలా విచ్చుకుంటుంది. మనుషుల్ని ఎక్కువగా చంపేది మాత్రం అది కాదు, పలక. ఇట్ల ఊహించుకో. గచ్చు మీద చక్కెర పల్చగా పోసి, దాని మీద షాబాద్ బండ పెట్టి, గచ్చును ఒక పక్క నుంచి మెల్లగా లేపుతున్నావు. కొంతసేపు ఏమీ కాదు. తర్వాత బండ మొత్తం ఒకేసారి జారుతుంది. ఆ బండ మీద నిలబడ్డ చీమవి నువ్వు. ఎక్కడో పైన గీత పడుతుంది, నీ కాళ్ళ కింద నేలంతా ముక్కలై కదులుతుంది. పక్కకు దూకుదామంటే పక్క కూడా కదులుతూనే ఉంటుంది.

ఈ చక్కెర నేను ఊరికే చెప్పిన పోలిక కాదు. చలికాలం మొదట్లో కొంచెమే మంచు పడి, తర్వాత చాలా రోజులు పొడి చలి వేస్తే నిజంగానే చక్కెర తయారవుతుంది. కింద నేల దగ్గర సున్నా డిగ్రీలు, పైన గాలి మైనస్ పదిహేను. ఆ తేడాకు మంచు లోపలి ఆవిరి పైకి పోతూ పోతూ గింజల ఆకారం మార్చేస్తుంది. చేతిలోకి తీసుకుని ముద్ద చేద్దామంటే కాదు, వేళ్ళ సందుల్లోంచి గలగలా రాలిపోతుంది. దాని మీద ఫిబ్రవరిలో రెండడుగుల కొత్త మంచు పడిందనుకో, ఇక ఉన్నది చక్కెర మీద బండే.

పాలమూరు_లెక్కల_టీచర్
వాలు ఎంత? అసలు లెక్క అక్కడుంది కదా. చదివినదాన్ని బట్టి పలకలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లో తెగుతాయి. అంతకంటే బాగా నిటారుగా ఉంటే మంచు నిలవకుండా పడినప్పుడల్లా కొంచెం కొంచెంగా రాలిపోతుంది, పెద్ద పలక కట్టదు. 30 లోపు అయితే జారే బలం చాలదు. ఇంతకీ ఈ 30 అనేది మనకు చాలా తెలిసిన వాలే. నిన్న ఫోన్ పెట్టి మా ఇంటి మెట్లు కొలిచాను, 33 వచ్చింది. కాబట్టి అదేదో భయంకరమైన కొండచరియ అనుకోకండి. మన డాబా మెట్ల మీద పరిచిన దుప్పటి లాంటిది.

నల్లమల_నడక
టీచర్ సారు మెట్లు కొలవడం మేడమ్ చూసిందా?

పాలమూరు_లెక్కల_టీచర్
చూసింది. పనిలో పనిగా కడగమంది.

భువనగిరి_బండ
కుర్రోడు, నీ రెండో ఫోటో పెద్దది చేసి చూశాను. ఎడమ పక్కన అడవి మధ్యలో ఒక పట్టీ మొత్తం చెట్లు లేవు, పైనుంచి కింద దాకా దారి వేసినట్టు ఉంది. అంచున ఉన్న చెట్లు చూడు, కొండ పైవైపు కొమ్మలు లేవు, లోయ వైపే ఉన్నాయి. కింద భోజపత్ర చెట్లన్నీ ఒకే దిక్కుకు వంగి ఉన్నాయి. అది ఎవరూ నరికింది కాదు, ఏడాదికో రెండేళ్ళకో అక్కడ మంచు చరియ దిగుతుందని అర్థం. మీరు దాటాల్సింది ఆ పట్టీ పై భాగమేనా?

కోయిల్‌కొండ_కుర్రోడు
అవును అన్నా, అదే. దాన్ని అడ్డంగా దాటి కనుమ కిందికి చేరాలి. స్కీయింగ్ కోసం చేసిన దారేమో అనుకున్నాం. మావాడు అక్కడ రీల్ కూడా తీశాడు.

హుజూర్‌నగర్_హుషారు
సరే, చరియలు పడే చోటే అనుకుందాం. మరి ఆ దారిలోనే రోజూ వందల మంది నడవట్లేదా? అందరూ పోయారా? మన గైడ్‌కు మాత్రమే ఆ రోజు జ్ఞానోదయం అయిందా?

డెన్వర్ల_దేవరకొండోడు
హుషారన్నా, ఇక్కడ అందరూ పొరబడేది ఇందులోనే. ముందు పోయినవాళ్ళ అడుగులు కనిపిస్తే ధైర్యం వస్తుంది. పలక అన్ని చోట్లా ఒకే మందం ఉండదు. మందంగా ఉన్న చోట పదిమంది నడిచినా కింది పొరకు బరువు తగలదు. పదకొండోవాడు పల్చటి చోట అడుగు వేస్తే అక్కడి నుంచి పగులు మొత్తం పాకుతుంది. చనిపోయిన సంఘటనలు తీసి చూస్తే పదింట తొమ్మిదిసార్లు చరియను కదిపింది అందులో పడినవాడో, వాడి జట్టులో మనిషో. కొండ దానంతట అది మీద పడటం తక్కువ, మనమే పోయి గిల్లుతాం.

హవల్దార్_నకిరేకల్
నేను ఆర్మీలో 17 ఏళ్ళు చేసిన, అందులో రెండు చలికాలాలు కుప్వారా వైపు. అక్కడ కొత్త మంచు పడితే రోడ్డు మొత్తం బంద్. రేషన్ రాకున్నా బంద్. కమాండర్ సాబ్‌కే పనున్నా బంద్. తప్పదు అనుకుంటే సూర్యుడు రాకముందే, చీకట్ల, మంచు గడ్డకట్టి ఉన్నప్పుడు దాటాలె. ఎండ తగిలినంక వద్దు. అదీ ఒక్కొక్కడే. ఒకడు దాటేదాక మిగతావాళ్ళు గట్టి చోట నిలబడి వాడినే చూస్తుండాలె, వాడు పడితే ఎక్కడ మునిగిండో గుర్తుండాలె కదా. బ్యాగు నడుము బెల్టు తీసేస్తం. చేతి కర్ర తాళ్ళు మణికట్టుకు చుట్టుకోం.

ఒకసారి నా ముందు పోతున్న పిల్లగాడిని చిన్నది పట్టింది. చిన్నదే, మన ఊరి బడి గ్రౌండ్ అంత ఉంటది. నడుము దాకా పూడుకుపోయిండు, తల బయటనే. మేం పోయి పట్టి గుంజితే రాలే. మెత్తటి మంచు అనుకున్నం కదా, కదిలి ఆగినంక సిమెంటు లెక్క బిగిసింది. వేళ్ళు దిగలే. పారతోని కొట్టి కొట్టి తీసినం, ఇరవై నిమిషాలు పట్టింది. ఒక బూటు అక్కడనే ఉండిపోయింది. తల లోపల ఉంటే వాడు లేడు.

పాలమూరు_లెక్కల_టీచర్
హవల్దార్ గారు చెప్పిన ఇరవై నిమిషాలు చాలా పెద్ద లెక్క. పూర్తిగా కూరుకుపోయినవాడిని పది నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. అరగంట అయితే ముగ్గురు. చలికి కాదు, ఊపిరాడక. సాంక్రికి కబురు వెళ్ళి, ఉత్తరకాశి నుంచి బృందం వచ్చేసరికి ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

భాషా_పిచ్చి_నల్లగొండ
మధ్యలో నా గోల. పేపర్లలో దీన్ని "హిమపాతం" అని రాస్తున్నారు, మంచు కురిసినా హిమపాతమే అంటున్నారు. "కాశ్మీర్‌లో భారీ హిమపాతం, పర్యాటకుల సందడి" అని ఒక రోజు, "హిమపాతంలో జవాన్లు మృతి" అని ఇంకో రోజు. చదివేవాడికి ఏం అర్థం కావాలి? దేవరకొండాయన "మంచు చరియ" అన్నాడు, అది బాగుంది. కొండచరియ అందరికీ తెలిసిందే కదా.

మిల్లు_మిర్యాల
మాకు అవలాంచ్ అంటే చాలు, టీవీవాళ్ళు అలవాటు చేసిన్రు.

జడ్చర్ల_అమ్మ
మా బాబు వచ్చే నెల ఇలాంటిదానికే కాలేజీ ఫ్రెండ్స్‌తో బుక్ చేసుకున్నాడు. ఇదంతా చదివి చేతులు చల్లబడ్డాయి. 2014 జూన్ 8న బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది పోయారు గుర్తుందా. డ్యామ్ నీళ్ళు వదిలితే, నది మధ్య రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు పాపం. అక్కడి కొండలు, నదులు మన పిల్లలకు ఏం తెలుసు? వద్దంటే వినడు. "అమ్మా నువ్వు ఊరికే టెన్షన్ పడతావు, మేం అరవకుండా నడుస్తాంలే" అంటాడు. అరిస్తే మంచు పడుతుందట కదా?

డెన్వర్ల_దేవరకొండోడు
అరుపులకు పడదమ్మా, అది సినిమా సంగతి. మనిషి గొంతుకు అంత బలం లేదు. బరువుకు పడుతుంది. అంటే మీ బాబు మౌనవ్రతం పట్టి నడిచినా లాభం లేదు.

నల్లమల_నడక
అరుపులకు పడేదైతే సలేశ్వరం జాతరలో "వస్తున్నం వస్తున్నం లింగమయ్యా" కేకలకు నల్లమల ఎప్పుడో నేలమట్టం అయ్యేది.

హవల్దార్_నకిరేకల్
అమ్మా, పిల్లగాడిని ఆపకు, అడగవలసినవి అడిగించు. గైడ్ కొండ మీద ట్రైనింగ్ చేసిండా? ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉంది, 1965 నుంచి నడుస్తోంది, అక్కడ కోర్సు చేసినవాళ్ళు చాలామంది గైడ్లు ఉంటరు. ముందు రోజు చరియల హెచ్చరిక చూస్తారా? ఇంతకుముందు మనాలిలో సాసే అని ఉండేది, డీఆర్‌డీఓది. 2020లో ఇంకోదాంట్ల కలిపి డీజీఆర్ఈ అన్నరు, ఇప్పుడు చండీగఢ్ నుంచి నడుస్తది. వాళ్ళు చలికాలంల ఏ జిల్లాకు ఎంత ప్రమాదమో చెప్తరు, అది లోకల్ పేపర్ల వస్తది. ఇంకోటి, పైకి పోకుండా వాపస్ తిప్పితే పైసలు సంగతేంది అని ముందే రాయించుకోవాలె. పైసలు పోతయని భయం ఉన్నోడే కొండ మీద తప్పు పని చేస్తడు.

భువనగిరి_బండ
హవల్దార్ గారి మాటకు ఒకటి కలుపుతా. కోర్సు చేసినా, అనుభవం ఉన్నా కొండ ఎవరినీ వదలదు. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా శిఖరం మీద మంచు చరియలో 29 మంది పోయారు. వాళ్ళు టూరిస్టులు కాదు, హవల్దార్ గారు చెప్పిన ఆ సంస్థలోనే అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తున్నవాళ్ళు, నేర్పేవాళ్ళు. మా భువనగిరి గుట్ట మీద తాళ్ళు పట్టుకుని నేర్చుకున్న పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మేమంతా ఎగిరి గంతేశాం. ఆ ఏడాదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు హిమపాతం దగ్గర మంచు విరిగిపడి 16 మంది షెర్పాలు, పనివాళ్ళు చనిపోయారు. ఆమె వెళ్ళింది టిబెట్ వైపు నుంచి. వయసు తక్కువని నేపాల్ వైపు అనుమతి ఉండదు కాబట్టి అటు పోయింది.

భాషా_పిచ్చి_నల్లగొండ
"ఖుంబు హిమపాతం దగ్గర మంచు విరిగిపడి"! మూడో అర్థం కూడా వచ్చేసింది, అక్కడ హిమపాతం అంటే పగుళ్ళు పడి ముక్కలై కిందికి దిగే మంచునది. దండం.

అచ్చంపేట_రాళ్ళు
కొండ ఎక్కేవాళ్ళకే కాదు, ఊరికే కింద ఉన్నవాళ్ళకూ వస్తుంది. పోయిన ఏడాది, 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ పైన మాణా దగ్గర రోడ్డు పనివాళ్ళ క్యాంపు మీద పడింది. 54 మంది, 46 మందిని బతికించారు, ఎనిమిది మంది పోయారు. నాకు ఆ తేదీ ఎందుకు గుర్తంటే, దానికి ఆరు రోజుల ముందే ఇక్కడ మా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ టన్నెల్ కూలింది. అందులో చిక్కుకున్నదీ ఎనిమిది మందే. మా ఇంట్లో టీవీ ఆపలేదు ఆ వారమంతా. పైన మంచు, కింద బురద, రెండు చోట్లా ఊరుగాని ఊరు నుంచి కూలికి వచ్చినవాళ్ళే. మాణాలో అంతమంది ఎట్లా బయటపడ్డారో ఎవరికైనా తెలుసా?

హవల్దార్_నకిరేకల్
ఇనుప కంటైనర్లలో పడుకున్నరు. డబ్బా దొర్లినా లోపల గాలి ఉంటది. మంచు కింద ప్రాణం అంటే గాలే. 2016 ఫిబ్రవరిలో సియాచిన్ల సోనమ్ పోస్టు మీద పడితే పదిమందిల లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ఊపిరితోని దొరికిండు, పాతిక అడుగుల కింద. తర్వాత ఢిల్లీ ఆసుపత్రిల పోయిండు. ఆ పదిమందిల మన పక్క కర్నూలు జిల్లా పిల్లగాడు కూడా ఉండె. అట్ల బతకడం లెక్కలకు అందేది కాదు, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

పాలమూరు_లెక్కల_టీచర్
అచ్చంపేట మిత్రుడు చెప్పింది ముఖ్యం. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా రోడ్డు మీద ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. వాళ్ళు వెళ్ళింది ట్రెక్‌కు కాదు, కార్లలో. అంటే నువ్వు నిలబడ్డ చోటు వాలు కాకపోయినా, నీ పైన వాలు ఉంటే అది నీ దాకా వస్తుంది. మెట్ల కింద గదిలో ఉన్నా మెట్ల మీద నుంచి దొర్లిన బిందె తగులుతుంది కదా.

కోయిల్‌కొండ_కుర్రోడు
ఇన్ని విన్నాక ఒక సంగతి గుర్తొచ్చింది, అడుగుతున్నా. గైడ్ ఆగడానికి కొంచెం ముందు, ఒక చదునైన చోట నడుస్తున్నాం. ఆరుగురం గుంపుగానే ఉన్నాం. ఒక్కసారి కాళ్ళ కింద "ధుబ్" అని వినిపించింది. ఖాళీ ధాన్యం గాదె మీద పిడికిలితో గుద్దితే వస్తుందే, ఆ శబ్దం. కాలు ఒక అంగుళం కిందికి దిగినట్టు అనిపించింది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం, నీ బరువుకే అని మా లావు దోస్తును ఏడిపించాం. గైడ్ మాత్రం నవ్వలేదు. ఆ తర్వాతే కర్రతో పొడవడం మొదలుపెట్టాడు. దీనికేమైనా అర్థం ఉందా?

డెన్వర్ల_దేవరకొండోడు
తమ్మీ.

ఆ మాట మొదటి పోస్టులో రాసుంటే ఇంత చర్చే ఉండేది కాదు. అది చక్కెర పొర కూలిన శబ్దం. మీ బరువుకు కింది పొర ఒక్కసారి కుప్పకూలి, పై పలక దాని మీద కూర్చుంది. చదునైన చోట కాబట్టి ఎటూ జారలేదు. అదే మీరు మెట్లంత వాలు మీద ఉండి ఉంటే బండ కదిలేది. కొండ దీనికంటే స్పష్టంగా చెప్పదు. ఇక్కడ మాకు మూడు రోజుల కోర్సులో మొదటి పూట చెప్పేది ఇదే: ఆ శబ్దం వింటే, కాలి ముందు గీతలు పాకితే, పక్క వాలు మీద తాజాగా తెగిన చరియ కనిపిస్తే, ఇక పరీక్షలు అక్కర్లేదు, వెనక్కి.

ఆ కోర్సులో మాతో గొయ్యి తవ్వించారు. ఛాతీ లోతు. గోడలో అడుగు వెడల్పు, అడుగు లోతు స్తంభంలా మంచును కోసి, పైన పార పెట్టి, చేత్తో తట్టాలి. మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. మణికట్టు పదికి ఏమీ కాలేదు. మోచేతితో మొదలుపెట్టాను. మూడో దెబ్బకు పై రెండడుగుల ముక్క సొరుగు లాగినట్టు నున్నగా జారి నా ఒళ్ళో పడింది. కోసిన అంచు కత్తితో గీసినట్టు ఉంది. దాని కింద చేయి పెడితే గింజలు, ఉప్మా రవ్వ లాగా. ఆ రోజూ ఆకాశం నీలంగానే ఉంది.

హుజూర్‌నగర్_హుషారు
సరే ఒప్పుకుంటున్నా, ఆ శబ్దం సంగతి నాకు తెలియదు. కానీ ఒకటి అడుగుతా, ఎవరూ కోపం చేసుకోవద్దు. అంత తెలిసిన గైడ్ అయితే రాత్రంతా మంచు పడ్డాక అసలు పొద్దున్న బయలుదేరదీశాడెందుకు? ఆరుగురిని గుంపుగా నడిపించాడెందుకు? హవల్దార్ గారు ఒక్కొక్కడే అన్నారు కదా. కుర్రోడు, మీ దగ్గర సిగ్నల్ డబ్బాలు ఇచ్చారా?

కోయిల్‌కొండ_కుర్రోడు
ఏ డబ్బాలు? మాకు బూట్లకు పళ్ళ గొలుసులు, మోకాళ్ళ దాకా తొడుగులు ఇచ్చారు. పార ఒకటి ఉంది, టాయిలెట్ గుంట తవ్వడానికి.

భువనగిరి_బండ
హుషారు అడిగింది న్యాయమైన ప్రశ్న. బీకన్ అంటారు, ఒంటికి కట్టుకునే చిన్న ట్రాన్స్‌మీటర్. ప్రపంచమంతా ఒకే ఫ్రీక్వెన్సీ, 457 కిలోహెర్ట్జ్. ఒకరు కూరుకుపోతే మిగతావాళ్ళు తమది వెతికే మోడ్‌లో పెట్టి దగ్గరికి వెళ్ళి, పొడవాటి మడత కడ్డీతో పొడిచి, పారతో తీస్తారు. మూడూ ప్రతి మనిషి దగ్గర ఉండాలి. ఒక్కడి దగ్గరే ఉండి వాడే కూరుకుపోతే? మన దగ్గర మామూలు ట్రెక్‌లలో ఇవి ఇవ్వరు, ఖరీదు ఎక్కువ. ఇవ్వనప్పుడు చరియలు పడే వాలు దరిదాపులకు తీసుకెళ్ళకూడదు. కాబట్టి నా లెక్క ప్రకారం గైడ్ తిప్పడం నూటికి నూరుపాళ్ళు కరెక్టు, కంపెనీ ఆ ఉదయం ఆ దారిన పంపడం తప్పు. రెండూ వేరు.

డెన్వర్ల_దేవరకొండోడు
ఒప్పుకుంటా. కానీ బండన్నా, బీకన్ ఉందని ధైర్యం చేసి పోయినవాళ్ళు కూడా ఇక్కడ ప్రతి ఏడాది పోతున్నారు. కూరుకుపోకముందే చెట్టుకో రాయికో తగిలి పోయేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఏ డబ్బా పనికిరాదు. ఇక్కడ ప్రమాద స్థాయి ఒకటి నుంచి అయిదు దాకా చెప్తారు. నాలుగు, అయిదు అంటే జనం ఇంట్లో ఉంటారు. మూడు రోజే ఎక్కువ చావులు. మధ్యలో ఉంది కదా, ఫర్వాలేదు అనుకుంటారు.

పాలమూరు_లెక్కల_టీచర్
అయిదు మార్కులకు మూడు వచ్చాయి, ఫర్వాలేదు అనుకునే పిల్లల బుద్ధి. ఆ స్థాయిలు మెట్టుకు మెట్టు సమానంగా పెరగవు, మూడుకూ రెండుకూ తేడా చాలా పెద్దది.

మిల్లు_మిర్యాల
గాలి సంగతి ఎవరూ చెప్పలే. మా కళ్ళంల తూర్పార పడితే పొట్టంతా ఒక పక్కకే పోయి కుప్పవుతది. మంచుకు కూడా అంతేనా?

హవల్దార్_నకిరేకల్
శభాష్ మిల్లన్నా. గాలి ఒక పక్క వాలును ఊడ్చి రెండో పక్కకు పోస్తది. ఆకాశం నుంచి ఒక అడుగే పడ్డా, గాలి మరుగు వాలు మీద మూడడుగులు కూడుతది. శిఖరం అంచున గుడిసె చూరు లెక్క మంచు బయటకు వేలాడుతుంటది. చూరు ఎటు వేలాడుతుందో చూస్తే ఎటు బరువెక్కిందో తెలుస్తది. ఆ చూరు మీద నిలబడి ఫోటో దిగుతరు మనోళ్ళు, కింద నేల ఉందనుకొని.

కోయిల్‌కొండ_కుర్రోడు
మూడో ఫోటో తీసేస్తున్నా ☹️

జడ్చర్ల_అమ్మ
ఈ పేజీ మొత్తం మా బాబుకు పంపాను. ఫోన్ చేశాడు. ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాడట, ఇద్దరు వెనకాడుతున్నారట. పూర్తిగా మానేయమంటే మానరు. మంచు చూడాలి, అడవిలోనే, పెద్ద వాలులు దాటకుండా, అట్లాంటివి ఉంటాయా?

భువనగిరి_బండ
ఉంటాయమ్మా. దట్టమైన పైన్ అడవిలో, మెత్తటి వాలులో నడిచేవి చాలా ఉన్నాయి. డెహ్రాడూన్ వైపు నాగ్ టిబ్బా లాంటివి పిల్లలకు సరిపోతాయి. అక్కడ కూడా కొత్త మంచు బాగా పడితే ఒక రోజు క్యాంపులో ఆగే వీలుండేలా ఒక రోజు ఎక్కువ పెట్టుకోమనండి. రైలు టికెట్ రేపటికే ఉందని పరుగెత్తేవాళ్ళే ఆగాల్సిన చోట ఆగరు.

హుజూర్‌నగర్_హుషారు
కుర్రోడు, కేసు వద్దులే. కంపెనీకి మెయిల్ పెట్టు. డబ్బు కాదు, వచ్చే సీజన్‌కు ఇంకో తేదీ అడుగు. చాలామంది ఇస్తారు. బీకన్లు ఎందుకు లేవని కూడా రాయి. ఆ గైడ్ గురించి మంచిగా రాయి, లేకపోతే వాడినే పనిలోంచి తీస్తారు.

కోయిల్‌కొండ_కుర్రోడు
మెయిల్ పెట్టాను అన్నా. ఇంకోటి చెప్పాలి, కొంచెం సిగ్గుగా ఉంది. చివరి రోజు అందరూ గైడ్‌కు టిప్ ఇస్తారు కదా. మేం కోపంతో ఇవ్వలేదు. వాడు జీపు దాకా వచ్చి మా బ్యాగులు పైకెక్కించి తాడు కట్టాడు, మేం కిటికీలు ఎక్కించుకున్నాం. నిన్న రాత్రి ఆరుగురం తలా అయిదు వందలు వేసి, నంబర్‌కు వాట్సాప్ చేశాను, ఫోన్‌పే ఉందా భాయ్ అని.

మిల్లు_మిర్యాల
ఏమన్నడు?

కోయిల్‌కొండ_కుర్రోడు
ఊరు పైన ఉన్నట్టున్నాడు, సిగ్నల్ లేదు. ఇంకా ఒక్క టిక్కే.